ముల్లుకాయ పెట్టిన కుర్చీ

ష్రాప్‌షైర్‌లోని ఆల్డర్‌కోట్ అనే పాతకాలపు బంగళా చూడటానికి వచ్చేవాళ్లంతా మ్యూరియెల్‌కి జడుస్తారు. జీతం లేకుండానే భోజనాల గదికి కాపలా ఉంటుంది ఆవిడ. ఎవరూ కూర్చోకుండా, పొద్దున్నే ప్రతి పట్టు కుర్చీ మీదా ఎండిన ముల్లుకాయ ఒకటి, పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లగా పెడుతుంది. తనకి మాత్రం కిటికీ పక్కన ఓ మడత కుర్చీ. మోకాళ్ల నొప్పులున్నా, ప్రతి గురువారం బంగళా చూడటానికి భర్తతో ఎల్సీ అనే పెద్దావిడ వస్తే ఆ కుర్చీ ఇచ్చేసి తను నిలబడేది. ఎల్సీకి మతిమరుపు. బయటి గులాబీలు చూస్తూ, "ఈ తోట మనదేనా?" అని భర్తని అడిగేది. "మనదే. కలుపు తియ్యడానికే నీకు బద్ధకం," అనేవాడు రెజ్. మ్యూరియెల్ నవ్వు దాచుకోవడానికి కిటికీ తెర సర్దేది.

ఎల్సీ పోయిందని తెలిసిన రోజు నుంచీ మడత కుర్చీ మీద కూడా ముల్లుకాయ ఉంటోంది. మ్యూరియెల్ నిలబడే ఉంటోంది. చాన్నాళ్లకి ఓ గురువారం రెజ్ ఒక్కడే వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏవమ్మా, ఈ డొక్కు కుర్చీ కూడా రాజుల కాలం నాటిదేనా?" అన్నాడు మడత కుర్చీ వంక చూసి.

"కాయ పెట్టకపోతే ఎవరుబడితే వాళ్లు కూలబడుతున్నారు," అని విసుక్కుంటూనే మ్యూరియెల్ ముల్లుకాయ తీసి అరచేతిలో పెట్టుకుంది. "కూర్చోండి రెజ్ గారూ. మీ తోటలో కలుపు పెరిగిపోయింది, చూసుకోండి."