చెవిలో సినిమా

ఆ ఫిల్మ్ క్లబ్బులో అందరూ ఆమెను గుసగుసల పిన్ని అంటారు. ముప్పై ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. అచ్చుతప్పు మందుసీసా మీద కనపడినా సరే, సంచిలోంచి పెన్ను తీస్తుంది. అక్కకు చూపు పోయాక, ఆదివారం మధ్యాహ్నాలు ఆమెను ఈ హాలుకు తీసుకురావడం, పరభాషా సినిమాల్లో తెర అడుగున పడే తెలుగు మాటలను చెవిలో చదివి వినిపించడం ఆరేళ్ళుగా ఈ చెల్లెలి పని.

హాలు లైబ్రరీ మేడ మీద ఉంది. అన్నీ మడత కుర్చీలు. కిటికీ కర్టెన్లు రెండూ ఒకదానికొకటి అందవు. ఆ సందులోంచి పడే ఎండచార సినిమాలోని వాళ్ళ ముఖాల మీద పాకుతూ ఉంటుంది.

అక్కకు డార్క్ కామెడీలంటే ప్రాణం. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. "గుండె గతుక్కుమన్నాక రావాలే నవ్వు. ముందే వస్తే అది ఉత్త కామెడీ" అనేది. ఉరి తీయాల్సిన ఖైదీకి జలుబు చేసిందని, అది తగ్గేదాకా ఉరి ఆపించిన జైలు డాక్టరు కథ వందేళ్ళనాటి మూకీ. చచ్చిపోయిన మొగుడి ఫొటో ఒక్కటీ బాగాలేదని అంత్యక్రియలు వారం వాయిదా వేసిన భార్య కథ నిన్నమొన్నటిది. రెండింటికీ అక్క కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. "చలిదేశాల వాళ్ళు జోకేసి నోరు మూసుకుంటారు, నవ్వొచ్చో లేదో మనమే భయపడి చావాలి. ఎండదేశాల వాళ్ళు శవం పక్కనే కూర్చుని పోట్లాడుకుంటారు. యుద్ధం చూసినవాళ్ళు తీసిన దాంట్లో మాత్రం ఎవరూ ఏడవరు, గమనించావా?" అని దారి పొడుగునా చెప్పుకొచ్చేది.

బావ పోయాక మూడు నెలలు అక్క గడప దాటలేదు. ఈ ఆదివారం తనంతట తానే చెప్పులు వెతుక్కుని, "పద, కాస్త గాలి తగలాలి" అంది. చెల్లికి సంతోషం కంటే గుబులే ఎక్కువైంది. ఇవాళ గనక మనసు కలుక్కుమంటే అక్క మళ్ళీ ఇల్లు కదలదు. బయల్దేరేముందు చాటుగా క్లబ్బు కార్యదర్శికి ఫోన్ చేసింది.

"ఈసారి సినిమాలో ఎవరైనా పోతారాండీ?"

"డార్క్ కామెడీ కదమ్మా, పోకపోతే ఎట్లా?"

"ఎట్లా పోతారు?"

"అది కూడా నేనే చెప్పేస్తే ఇంక సినిమా ఎందుకు?" అని నవ్వి పెట్టేశాడు.

సినిమాలో ఒక పిసినారి మేనమామ, ఆయన ఎప్పుడు పోతాడా అని కాచుకున్న ముగ్గురు మేనల్లుళ్ళు. అరగంట దాకా బాగానే నడిచింది. అక్క రెండుసార్లు ముక్కుతో నవ్వింది. అంతలో తెర మీద ఇంట్లో బల్బు ఆరిపోయింది. మేనల్లుళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు గాని లేవలేదు. ముసలాయన గొణుక్కుంటూ స్టూలు లాక్కొచ్చాడు.

చెల్లి గుసగుస ఆగిపోయింది. బావ పోయింది స్టూలు మీంచి పడే.

"ఏమే, ఆగిపోయావు?"

"మాటల్లేవక్కా. ఆయన... కిటికీ తెరుస్తున్నాడు."

ధబ్బుమని చప్పుడైంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వే పళ్ళడాక్టరు వీళ్ళ వెనక కుర్చీలోనే ఉన్నాడు. ఆయన నవ్వు చెల్లి వీపు మీద పడింది.

"ఏం పడిందే?"

"పూలకుండీ."

"కుండీ పడితే ఇంత నవ్వా?"

"పిల్లి మీద పడింది."

"పిల్లి అరవలేదే?"

"చిన్న పిల్లిలే."

తెర మీద మేనల్లుళ్ళు శవపేటిక బేరమాడుతున్నారు. అందులో ఒకడు దొంగ ఏడుపు అందుకున్నాడు. అక్షరాలు వచ్చి పోతున్నాయి. ఒక్క ముక్క నిజం చదివినా కథంతా బయటపడుతుంది. చదవకపోతే అక్క అడుగుతుంది.

"ఎవరా ఏడ్చేది?"

"మేనల్లుడు."

"పిల్లి కోసమా?"

"పిల్లంటే వాడికి ప్రాణం."

"ముసలాయన గొంతు వినపడదేం?"

"ఊరెళ్ళాడు."

అక్క చీకట్లో చెయ్యి చాపి చెల్లి మణికట్టు పట్టుకుంది. మూడు వేళ్ళు నాడి మీద ఆనించి కాసేపు లెక్కపెట్టింది.

"నూటపది కొడుతోంది. ఇదీ పిల్లి కోసమేనా?"

చెల్లి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"ముసలాయన పడ్డాడు. దేని మీంచి?"

"స్టూలు... అక్కా, వెళ్ళిపోదాం పద."

"కూర్చో. మీ బావ ఎట్లా పడ్డారు?"

"చెప్పాను కదా. కళ్ళు తిరిగి, మెల్లిగా..."

"అది నువ్వు దిద్దిన ప్రూఫు. నాకు అసలుది కావాలి. నేను వంటింట్లో ఉన్నాను. గదిలో ఉన్నది నువ్వే."

చెల్లి పక్కకు వంగింది. అక్క చెవికి నోరు ఆనించి, ఎప్పుడూ చదివే గొంతుతోనే మొదలుపెట్టింది. "కొత్త బల్బు చేతిలో పట్టుకుని ఎక్కారు. 'ఇది నాకంటే గట్టిదే' అన్నారు. స్టూలు కాలు విరిగింది. కిందికి వచ్చేటప్పుడు బల్బున్న చెయ్యి పైకెత్తారు. రెండో చెయ్యి దేన్నైనా పట్టుకుని ఉంటే బతికేవారు. ఆ చేతిని కూడా బల్బు కిందే అడ్డం పెట్టారు."

"పగిలిందా?"

"లేదు."

"ఏం చేశావు దాన్ని?"

"దినాలయ్యాక నేనే పెట్టాను. మీ ముందు గదిలోనే. బాగానే వెలుగుతోంది."

"గుడ్డిదాని ఇంట్లోనా?" అంది అక్క.

తల వంచుకుంది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదరసాగాయి. చెల్లి వంగి చూసింది గాని ఆ చీకట్లో ముఖం ఆనలేదు. అది నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయింది. "శ్శ్" అన్నాడు వెనకనుంచి పళ్ళడాక్టరు.

"అక్కా" అని పిలిచింది.

అక్క మణికట్టు వదల్లేదు. తెర మీద ఎవరో ఏదో గట్టిగా చెబుతున్నారు. చెల్లి అటు చూడలేదు. అక్క ఊపిరి ఎటు తిరుగుతుందోనని చెవి ఒగ్గి కూర్చుంది.