జపాన్ అతిథికి నేను పాడిన ప్రేమగీతం

మా మామయ్య రొయ్యల బేరాన్ని ఒక్క పాటతో నీళ్లలో ముంచిన ఘనత నాది. అదీ కళ్లు మూసుకుని, శ్రుతి తప్పకుండా ముంచాను. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఇంట్లో వాళ్లకి నవ్వు రావడానికి నెల పట్టింది.

అప్పట్లో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం కాలేజీకి రోజూ ప్యాసింజర్ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. నాతోపాటు వచ్చే రమీజాకి జపాన్ యానిమే అంటే, అదే అక్కడి కార్టూన్ సినిమాలంటే, పిచ్చి. ఒకరోజు నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, "పాత్రకి గొంతు ఇచ్చినవాళ్లే, ఆ పాత్రే అయిపోయి పాటలూ పాడతారే. విని చూడు," అంది.

విన్నాను. అంతే, మనిషిని కాకుండా పోయాను. ఓ అమ్మాయి గొంతు, నిద్రలో ఎవరినో పిలుస్తున్నట్టు, "ఎబి వా చీసాయి... మి మో నాయి..." అంటూ సాగుతోంది. కిటికీ బయట వరిచేలు మెల్లగా వెనక్కి జారిపోతున్నాయి. నాకు మాత్రం పొగమంచు కమ్మిన సరస్సు, ఒడ్డున తెల్లగౌను వేసుకున్న రాజకుమారి కనిపించాయి. ఆమె ఎదురుచూస్తున్న ప్రియుడి పేరు ఎబి. ఇవన్నీ నాకు ఎవరు చెప్పారంటారా? ఎవరూ చెప్పలేదండీ. ఆ యానిమే చూద్దామని రమీజా పిలిచినా వెళ్లలేదు. నా ఎబిని నేను అనుకున్నట్టే ఉంచుకోవాలనుకున్నాను.

చర్చి క్వయర్‌లో పాడే గొంతు కదా, వారంలో పాట మొత్తం వచ్చేసింది. ఏంటా పాటని ఇంట్లో అడిగితే, "జపనీస్ నేర్చుకుంటున్నాను," అన్నాను. మా అమ్మ ఆ మాటని కలిదిండిలో ఉన్న తన తమ్ముడికి, అంటే మా మామయ్యకి, ఫోన్లో చేరవేసింది.

సరిగ్గా అప్పుడే రొయ్యలు కొనే కంపెనీ తరఫున జపాన్ నుంచి ఒక పెద్దాయన మామయ్య చెరువు చూడ్డానికి వచ్చాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. మామయ్య నన్నూ రప్పించాడు. ఆ రొయ్యల పంట మీదే మామయ్య ఆశలన్నీ.

సాయంత్రం చెరువు గట్టు మీద కుర్చీలు వేశాం. నీళ్లన్నీ నారింజరంగులోకి తిరిగాయి. కొల్లేరు వైపు కొంగలు బారులు తీరి, ఏ తొందరా లేనట్టు వెళుతున్నాయి. ఐసు పరిచిన పళ్లెంలో మామయ్య అరచేయంత రొయ్యలు చూపించాడు. పెద్దాయన ఒకటి పట్టుకుని చూసి, తృప్తిగా తలూపాడు.

అక్కడితో ఊరుకుంటే మామయ్య బాగుపడేవాడు. కానీ సంతోషం పట్టలేక, "మా మేనకోడలికి మీ భాష వచ్చండీ! గ్రేస్, వారికో పాట పాడమ్మా," అన్నాడు.

నేను లేచి, కళ్లు మూసుకుని, నీళ్లవైపు చేతులు చాచి, "ఎబి..." అని మొదలుపెట్టాను. గాలి కూడా ఆగి వింటున్నట్టనిపించింది. చివరి చరణంలో నాకే కన్నీళ్లొచ్చాయి. కళ్లు తెరిస్తే పెద్దాయనకీ వచ్చాయి. భుజాలు కూడా కదులుతున్నాయి. 'ఎంత కదిలిపోయాడో పాపం!' అనుకున్నాను. ఇంతలో ఆయన మోకాళ్లు చరుచుకుంటూ పగలబడి నవ్వాడు.

విశాఖపట్నం ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది, "ఎబి అంటే ఎవరనుకున్నారండీ?"

"హీరో కదండీ?"

"రొయ్యండీ."

కాళ్ల కింద గట్టు కదిలినట్టయింది నాకు.

"వారి మనవరాలు చూసే యానిమేలో పాటటండీ. వలలో పడ్డ రొయ్యపిల్ల బతిమాలుకుంటోంది. రొయ్య చిన్నది, ఒంట్లో కండ కూడా లేదు, నన్ను కొనకండి, నీళ్లలోకి వదిలేయండి అని."

మామయ్య నావైపు చూసిన చూపు రాయడానికి తెలుగులో అక్షరాలు లేవు.

పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ ఏదో అన్నాడు. ఆవిడ మామయ్యతో, "ఏవండీ, రొయ్యే స్వయంగా చెబుతోంది కదా, ఓసారి మన ఎదురుగానే వల వేయించమంటున్నారండీ," అంది.

"ఇప్పుడెందుకండీ, ఈ ఎండలో!" అన్నాడు మామయ్య. సూర్యుడు అప్పటికే సగం మునిగాడు.

వల వేయక తప్పలేదు. పడ్డవాటిలో ఒక్కటీ చిటికెనవేలు దాటలేదు. పళ్లెంలోవి పొద్దున్నుంచీ ఏరి ఏరి దాచినవని అప్పుడు తెలిసింది. పెద్దాయన కోప్పడలేదు. ఒక చిన్న రొయ్యని రెండు చేతులతో పట్టుకుని, నాకు తలవంచి నమస్కరించి, నీళ్లలో వదిలేశాడు. "బాగా మేపండి, నెల తర్వాత వస్తాను," అని చెప్పించి వెళ్లిపోయాడు.

ఆ నెలా మామయ్య నాతో మాట్లాడలేదు. అత్తయ్య ఫోన్ ఇవ్వబోతే, "చెరువు దగ్గరున్నానని చెప్పు," అనే మాట నాకు స్పష్టంగా వినిపించేది.

పెద్దాయన మళ్లీ వచ్చే ముందురోజు మాత్రం తనే ఫోన్ చేశాడు.

"అమ్మా గ్రేస్, రొయ్యలు బాగా ఎదిగాయి. రేపు వస్తావా?"

"నన్ను క్షమించేశారా మామయ్యా?"

"అది తర్వాత చూద్దాం. రొయ్య లావుగా ఉంది, వెంటనే కొనుక్కోండి అని ఏదైనా పాట ఉందా?"

లేదండీ. జపాన్ అంతా వెదికినా ఏ రొయ్యా అలా పాడలేదు. అందుకే సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: పాడేది మనిషో జలచరమో ముందు రూఢి చేసుకోకుండా, ఈ జన్మలో నోరు విప్పను.