పేరు కొట్టేసి పెట్టు

పొద్దుటి నుంచి వాన. పామాయిలు నర్సరీలో ఎరువు వేసే పని ఆపేసి, రేకుల షెడ్డు కింద కూర్చుని సంచుల్లోకి మట్టి నింపుతున్నాం. పదకొండు దాటాక అత్త ఫోను చేసింది. "మీ మావ పోయినాడే. లారీలోనే పోయినాడు" అంది. గెలలు దించడానికి మిల్లు ముందు బళ్ళన్నీ వరసలో ఉంటే ఆయన లారీ కదల్లేదట. వెనకాయన హారను కొట్టి కొట్టి, తిట్టుకుంటూ దిగివచ్చి చూశాడట. చేతులు కడుక్కుని బయల్దేరాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం కూడదంటారు. నా దగ్గర ఉన్నది అదే.

మావ మా అమ్మ తమ్ముడు. మలేషియాలో మా బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల తోటల నుంచి పామాయిలు గెలలు మోసే లారీ నడిపేవాడు. బండి ఎక్కడ ఆగితే అక్కడ తెలుగు ముసలమ్మల్ని వెతికి, రబ్బరు పాలు తీసిన రోజుల్లో వాళ్ళు పాడుకున్న పాటలు ఫోనులో పట్టేవాడు. ఎవరైనా దించుకునేలా వాటిని ఇంటర్నెట్లో పెట్టేవాడు. ప్రతి పాట ముందూ ఆయన గొంతు ఉండేది. పాడిన మనిషి పేరు, తోట పేరు చెప్పి, "ఊరికే తీసుకోండి. పేరు మాత్రం ఒగ్గేయకండి" అని ముగించేవాడు. ఇంట్లోనూ అదే మాట. "పాట ఊరికే. పేరు ఊరికే కాదు."

అలా పట్టినవాటిలో మా అమ్మ పాట ఒకటి. వంటింటి గుమ్మంలో కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ పాడింది. చివర్లో "ఇంక సాల్లేరా, గొంతు ఎండిపోతంది" అనడం కూడా అందులో ఉంది. అమ్మ పోయింది. ఆమె గొంతు ఇప్పుడు అందులోనే ఉంది. బతికినన్నాళ్ళూ తోట హాజరు పుస్తకం దగ్గర తప్ప ఆమె పేరు గట్టిగా ఎవరూ పిలవలేదు. ఆ పాట ముందు మావ పలికాడు: "పాడింది పైడమ్మ. మా అప్ప." అప్ప అంటే మా ఇళ్ళల్లో అక్క.

పాటలకు ప్రచారం కూడా ఆయనే చేసేవాడు. ఫోనుతో చూస్తే పాట దిగే చదరపు గుర్తుతో స్టిక్కర్లు అచ్చువేయించి టీకొట్లలో, మోటారుసైకిల్ షాపుల్లో, బస్టాపుల్లో అంటించేవాడు. వాటి మీద మలయ్‌లో 'పెర్చుమా' అని పెద్దక్షరాలు. ఉచితం అని అర్థం. దండగ అని కూడా అర్థం ఉంది. అందుకే టీకొట్టాయన ఏడిపించేవాడు.

"ఏటి బావా, నీ పాటలు ఊరికేనా, దండగా?"

"రెండూను. నీ టీకి డబ్బులిచ్చినా దండగే కదా లా."

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడందరికీ అలవాటు. కొట్లో అందరూ నవ్వేవారు. ఆ నవ్వులోనే మావ గోడ మీద ఇంకో స్టిక్కరు అంటించి, గాలిబుడగ లేకుండా బొటనవేలితో రుద్దేవాడు. ఎంత తొందరలో ఉన్నా ఆ రుద్దడం మానేవాడు కాదు.

రెండేళ్ళ కింద ఒకతను ఆ స్టిక్కరు చూసి మావని వెతుక్కుంటూ వచ్చాడు. హైదరాబాదు నుంచి కంప్యూటరు ఉద్యోగానికి వచ్చినవాడు. మర్యాదస్తుడే. అత్త పెట్టినదంతా తిన్నాడు.

"అంకుల్, పాటలు సూపర్. బ్రాండింగే లేదు. ఒక లోగో ఉండాలి. నా పేజీలో పెడతాను, ప్రపంచమంతా వింటుంది."

"పెట్టు బాబూ. ఊరికే కదా" అన్నాడు మావ.

ఆ పేజీ పేరు ఇక్కడ రాయను. నా చేత్తో దానికి ప్రచారం చెయ్యను.

పాటలన్నీ పంపాక మావ ఫోనులో ఒక మాట పట్టి పంపాడు. నేను పక్కనే ఉన్నాను. "బాబూ, పాట ముందల పేరు కొట్టేసి పెట్టు లా. మరిసిపోకు."

మా ఇళ్ళల్లో పేరు కొట్టడమంటే టైపు కొట్టడం. చెప్పిన పేరు అక్షరాల్లో కూడా కనబడాలని ఆయన ఉద్దేశం. అతను పాట ముందున్న పేరునే కొట్టేశాడు. మావ మాట్లాడిన ఆ పన్నెండు సెకన్లూ ప్రతి పాటకీ కోసేశాడు. కోసినచోట తన లోగో, తన సంగీతం తగిలించాడు.

మాకు ఇది తెలిసింది పోర్ట్ క్లాంగ్‌లో ఒక పెళ్ళిలో. హాలు స్పీకర్లలో మా అమ్మ పాడుతోంది. పక్క బల్ల దగ్గర ఒకామె "బావుంది, ఎవరిదీ పాట?" అంది. ఇంకొకామె ఆ పేజీ పేరు చెప్పింది. మావ ముద్ద దించేసి బయటికొచ్చి అతనికి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"మీరే చెప్పారు కదా అంకుల్, పేర్లు కొట్టేసి పెట్టమని?"

"రాయమన్నాను నాయనా. తీసీమన్నానేటి?"

"అయ్యో, సారీ అంకుల్. కానీ ఇప్పుడు మారిస్తే లింకులన్నీ పోతాయి. అయినా మొదటి పన్నెండు సెకన్లు ఎవరూ వినరు, దాటేస్తారు."

మాట తెలియక చేసినదాన్ని నేను తప్పనను. తెలిశాక కూడా ఉంచుకున్నదాన్ని ఏమనాలి? కొట్టెయ్యడానికి మూడో అర్థం ఒకటుంది. అది హైదరాబాదులోనూ ఇక్కడా ఒకటే.

నేను అరిచాను. "నలుగుర్లో పెట్టి అడుగు మావా" అన్నాను.

"ఊరికే ఇచ్చినోడు ఏటని అడుగుతాడే?" అన్నాడు.

ఆ మెత్తదనం మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆయన ఊరుకోలేదు. ఒక నల్ల మార్కరు కొని, అంటించిన ప్రతి స్టిక్కరు దగ్గరికీ మళ్ళీ వెళ్ళాడు. దాని కింద పాడినవాళ్ళ పేర్లు రాశాడు. తెలుగులో ఒకసారి, మలయ్ రాసే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి. వానకి చెరిగితే మళ్ళీ రాశాడు. ఛాతీలో నొప్పంటూనే ఆదివారాలన్నీ అలా తిరిగాడు. టీకొట్టాయన కూడా ఇక ఏడిపించలేదు. స్టూలు తెచ్చి గోడ దగ్గర వేసేవాడు.

మావ పోయిన మర్నాడు శవం దగ్గరికి ఆ పేజీ అతను వచ్చాడు. పూలదండ వేశాడు. మావ తల దగ్గర కూర్చుని ఫోనులో పాట పెట్టాడు. ముందు లోగో సంగీతం మోగింది. తర్వాత మా అమ్మ.

"ఆపు" అన్నాను.

"నివాళి ఆంటీ. అంకుల్‌కి ఇష్టమైన పాట."

"పాడింది ఎవులు?"

ఫోను వైపు చూశాడు. అందులో ఉంటే కదా. "ఎవరో ఎస్టేటు పెద్దావిడండీ" అన్నాడు. ఆ పెద్దావిడ కూతురితోనే అన్నాడు.

అత్త ఏడుపు ఆపి తలెత్తింది. "పైడమ్మ. కొట్టు బాబూ. ఇప్పుడే, మా ముందరే. అచ్చరాలు కొట్టు."

నెట్ సరిగా లేదండీ, ఇంటికెళ్ళి మారుస్తానన్నాడు. ఇది రాస్తున్న రోజు వరకూ మార్చలేదు.

మిల్లు నుంచి లారీ తెచ్చి వాకిట్లో పెట్టారు. దాని తలుపు మీద కూడా స్టిక్కరు ఉంది. కింద రాసిన పేర్లు వానకి సగం కారిపోయాయి. సీటు పక్కన మార్కరు దొరికింది. తలుపు తుడిచి, అమ్మ పేరు దిద్దాను. మిగతా పేర్లూ దిద్దాను.

అతను రెండున్నరకు వెళ్ళిపోయాడు. మావని మూడింటికి తీసుకెళ్ళారు.