ఇస్తారి తెచ్చిన లక్షా ఒకటి

మందమర్రి గనిలో దీపాలిచ్చే గుమాస్తా ఇస్తారికి లెక్కలంటే ప్రాణం. కాకపోతే ఎక్కాలు పది దాకానే వచ్చు. పది దాటితే వచ్చేవన్నీ పాత ఎక్కాలేనని ఆయన సిద్ధాంతం.

1962లో కొత్తగా పుట్టిన కార్మిక సంఘానికి జెండా మీద గుర్తు కావలసివచ్చింది. విడదీయలేని ఐక్యతకు విడదీయలేని సంఖ్యే తగునని ఇస్తారి లక్షా ఒకటిని తెచ్చాడు. రెండు నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం మిగిలింది. సంఘం పెద్దలు పదకొండు మందీ చప్పట్లు కొట్టారు.

"గిది తెగిందంటే సంఘం ముంగట నా మీసం తీసేస్త!" అన్నాడు ఇస్తారి.

జెండా ఎగరేసే రోజున, దాన్ని కుట్టిన సరోజన బొగ్గుముక్కతో నేల మీద లెక్క వేసింది.

"ఇస్తారన్నా, పదకొండుతోని భాగించి చూసినవా?"

"పదకొండుతోని ఎవడు భాగిస్తడే?"

"నేను భాగించిన. తొమ్మిదివేల తొంభై ఒకటి వచ్చింది. ఒక్కటి సుత మిగల్లే. జర మంగలిని పిలువుండ్రి."

ఇస్తారి రెండు చేతులతో మీసం మూసుకున్నాడు. పదకొండు సమాన భాగాలొస్తాయని వినగానే పెద్దల కళ్లు మెరిశాయి. సాయంత్రానికి పదకొండు సంఘాలు, పదకొండు మంది అధ్యక్షులు. ఎవరి ముందు తీసేస్తానన్నాడో ఆ సంఘమే లేదు గనక మీసం దక్కింది. సరోజనకు మరో పదకొండు జెండాలు కుట్టే పని దొరికింది.

ప్రతి అధ్యక్షుడూ తన కొత్త జెండా కోసం ఇస్తారిని పక్కకు పిలిచి, "గా తొమ్మిదివేల తొంభై ఒకటి తెగుతదా?" అని అడిగాడు.

ఇస్తారి పది దాకా భాగించి, "తెగది," అన్నాడు.

ఈ కథ విన్నాక, మా కాన్వెంటు సిస్టర్లు నేర్పినట్టు నేను దాని వర్గమూలం దాకా, అంటే తొంభై అయిదు దాకా, భాగించి చూశాను. నిజంగానే తెగలేదు. ఈసారి మాత్రం ఇస్తారి మీసం పందెం కాయలేదు.