దయ్యం ఉన్న అర్రలో ఆఫీసు

ఆ గది తలుపు మీద ఒకే మేకుకు రెండు వేలాడుతుండేవి: ఎండిపోయిన నిమ్మకాయా మిరపకాయల దండ ఒకటి, నల్లగుడ్డలో కుట్టిన తావీజు ఒకటి. దండ కట్టింది మా ఇంటి యజమానురాలు. తావీజు కట్టింది కింది వాటాలో ఉండే ముస్లిం అమ్మాయి, పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. పండుగలకు ఒకరికొకరు సేమ్యా, గారెలు పంపుకునేవాళ్లే గానీ, ఎవరి దేవుడు వాళ్లకుండేవాడు. భయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ ఒక్క మేకు చాలింది.

లాల్‌దర్వాజా సందుల్లో పాత ఇల్లు అది. కింద మూడు వాటాలు. ఒకదాంట్లో యజమానురాలు, ఒకదాంట్లో మగ్గం అమ్మాయి కుటుంబం, ఒకదాంట్లో నేనూ మా ఆయనా. మేడమీద ఆ ఒక్క గది, ఏళ్లుగా తాళం వేసి ఉండేది.

ఆ రోజుల్లో నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. బడి పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేసే సంస్థలో తెలుగు పాఠాలు సరిచూసే పని. ఇంటి నుంచే చేయొచ్చు. రోజూ పదకొండింటికి వీడియో కాల్. మొదటి మూడు నెలలు పరీక్షాకాలం. నా మోకాళ్లు బస్సు మెట్లెక్కనని మొరాయించే వయసులో ఇది నాకు వరం. వరం అన్నది అలవాటుగా వచ్చిన మాట, ఇచ్చిన దేవుడెవరూ లేరు.

మొదటి వారం మా ముందుగదిలోంచే కాల్స్‌లో కూర్చున్నాను. సరిగ్గా పదకొండింటికి ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకొని మా కిటికీ కింద ఆగేది. అది కదలగానే పాత ఇనుప సామాన్ల బండి. మధ్యలో మా ఆయన కుక్కరు. శనివారం మా టీమ్ లీడర్, నాకు కూతురి వయసు పిల్ల, చాలా మర్యాదగా చెప్పింది.

“మేడమ్, మీ మాటల కంటే ఉల్లిగడ్డల రేటు మాకు బాగా వినిపిస్తోంది. చప్పుడు లేని చోటు చూసుకోండి. లేదంటే రోజూ ఆఫీసుకు రావాల్సి ఉంటుంది.”

ఆఫీసు నగరానికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. మా ఇంట్లో చప్పుడు లేని చోటు ఒక్కటే. నేను వెళ్లి తాళంచెవి అడిగాను.

“ఆ అర్రనా? వద్దు బిడ్డా,” అంది యజమానురాలు. “అండ్ల ఎవరో ఏడుస్తరు. నా చెవులతోని విన్న.”

“పెద్దమ్మా, ఏడిస్తే ఓదారుస్త. తాళం ఇయ్యి.”

“నీకు నవ్వులాట గున్నది. దేవుడు లేడంటవు, దయ్యం లేదంటవు. ఏందున్నది మరి నీ లెక్కల?”

“పదకొండింటికి కాల్ ఉన్నది.”

నేను పెరిగింది చర్చాసభల్లో. మా నాన్న ఆదివారం వస్తే నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకొని ఎక్కడ వాదోపవాదాలు జరుగుతుంటే అక్కడికి తీసుకెళ్లేవాడు. “రుజువేది?” అని అడగడం అన్నం పెట్టమని అడిగినంత తేలిగ్గా వచ్చింది నాకు. దయ్యాలు లేవని వాదించి కాలేజీలో కప్పు గెలుచుకున్నాను. అలాంటిదాన్ని ఒక నిమ్మకాయకు జడిసి రెండు బస్సులు ఎక్కుతానా?

గది ఊడ్చేసరికి రెండు గంపల పావురాల రెట్ట వెళ్లింది. గోడలకు సున్నం నేనే వేశాను. పాత సామాన్ల దుకాణంలో కాళ్ల కుట్టుమిషన్ స్టాండు దొరికింది, దాని మీద చెక్క బిగిస్తే టేబుల్ అయింది. కాల్‌లో నా ముక్కు రంధ్రాలే కనిపిస్తున్నాయని తెలిశాక లాప్‌టాప్ కింద రెండు లావుపాటి నిఘంటువులు పెట్టాను. ఆ గోడలు మూరెడు మందం, ఫోన్ సిగ్నల్ లోపలికి రాదు. ఇంటర్నెట్ కేబుల్ వేసే అతన్ని పిలిస్తే మెట్లన్నీ ఎక్కి వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు.

“అక్కా, తీగ లోపలికి ఇసురుత. మీరే పెట్టుకోండ్రి, నేను ఈడికెల్లి చెప్త.”

“ఇంత పెద్ద మనిషివి, భయమా?”

“నాకు భయమేంది? ఇంట్ల పిల్లలున్నరు గదా అక్కా.”

అలా గడప అవతలినుంచి అతను పాఠం చెబుతుంటే స్క్రూడ్రైవర్ పట్టుకొని బాక్సు గోడకు నేనే బిగించాను. పెద్ద కిటికీ తూర్పుకుంది. దాని ముందు టేబుల్ వేసుకుంటే ముఖం మీద వెలుతురు పడి పదేళ్లు చిన్నగా కనిపించాను. మొదటి కాల్‌లోనే టీమ్ లీడర్, “మేడమ్, స్టూడియోలో కూర్చున్నారా?” అంది.

రెండో రోజే దయ్యం ఏడ్చింది. పొద్దున్నే పైకెళ్లాను, కాల్ ఇంకా మొదలుకాలేదు. గోడలోంచి సన్నగా మొదలై సాగి సాగి, గొంతు పూడుకుపోయినట్టు ఆగింది. ఒళ్లు జలదరించిందని ఒప్పుకుంటాను. ఒంటికి తర్కం తెలియదు. తర్వాత గోడకు చెవి ఆనించాను. లోపల ఇనుప పైపు. ఒకప్పుడు మేడమీద ఉన్న నీళ్లతొట్టికి వెళ్లే పైపు అది. తొట్టి ఎప్పుడో తీసేశారు, పైపు మూతికి గుడ్డ కుక్కి వదిలేశారు. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. నీళ్లకంటే ముందు పైపులో గాలి తోసుకొస్తుంది, ఆ గుడ్డ సందులోంచి బయటపడుతూ ఏడుస్తుంది.

ఊహ చాలదు, రుజువు కావాలి. మళ్లీ నల్లా వచ్చే రోజు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి గదిలో వదిలి, కిందికి దిగి వాకిట్లోని వాల్వు తిప్పాను. కట్టేస్తూ తెరుస్తూ, మూడుసార్లు. పైకెళ్లి వింటే ఏడుపు ఆగి, మొదలై, ఆగి, మొదలై, లెక్కకు సరిపోయింది. కప్పు గెలిచిన రోజు కూడా అంత సంతోషపడలేదు. అందరినీ పిలిచి వినిపిద్దామని ఫోన్ పట్టుకొని మెట్లు దిగుతున్నాను. మధ్యమెట్టు మీదుండగా యజమానురాలి గొంతు వినిపించింది. మేడమీదికి ఉరకబోతున్న తన మనుమలను కసురుతోంది.

“పైకి పోతె కాళ్లు ఇరగ్గొడ్త! లొల్లి చెయ్యకుండ్రి. ఆడ అక్క ఉన్నది, అది గూడ ఉన్నది!”

పిల్లలు గప్‌చుప్ అయ్యారు. ఇల్లంతా నిశ్శబ్దం. నేను ఆ మెట్టు మీదే నిలబడిపోయాను. తర్వాత ఫోన్ సంచిలో వేసుకొని వెనక్కి తిరిగి మెట్లెక్కాను.

రెండు నెలలు ఎంతో సుఖంగా పనిచేశాను. మిరపకాయలు ఆరబెట్టడానికి కూడా ఎవరూ మేడమీదికి రాలేదు. యజమానురాలు అప్పుడప్పుడు అడిగేది, “ఏమన్న వినవడ్తున్నదా బిడ్డా?” అని. నేను “ఊఁ” అనేదాన్ని. అది అబద్ధం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వినబడేది కదా మరి! ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే వేదిక మీద చీల్చి చెండాడేదాన్ని.

అప్పుడొక రోజు మగ్గం అమ్మాయి మెట్ల కింద నన్ను ఆపింది. ఆమె వాటాకు కిటికీ లేదు. ట్యూబులైట్ కింద పూసలూ జరీ కుట్టి కుట్టి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. చేతిలో పెద్ద పెళ్లి ఆర్డరు.

“అక్కా, మీ అర్రల మస్తు ఎలుతురున్నదంట. మూలకు నా మగ్గం పెట్టుకుంటుంటి. భయమైతుంది. మీరు ఒక్క మాట చెప్పుండ్రి అక్కా, అండ్ల ఏం లేదని. మీరు చెప్తె వస్త.”

నాలుక చివర ఉంది మాట. ఆమె వస్తే వెనకే ఆమె పిల్లలు వస్తారు, వాళ్ల వెనక యజమానురాలి మనుమలు వస్తారు. పరీక్షాకాలం ఇంకా మూడు వారాలుంది.

“నీ ఇష్టం చెల్లె,” అన్నాను. “భయమైతే ఎందుకు మరి?”

మరునాడు ఉదయం పాల కోసం బయటికి వెళ్తే ఆమె వీధి గడప మీద కూర్చొని ఉంది. మగ్గం చట్రం సగం సందులోకి వచ్చింది. బండి వచ్చిన ప్రతిసారీ దుమ్ము పడకుండా పట్టుబట్ట మీద దుపట్టా కప్పేది, బండి పోయాక తీసేది, సూది వెతుక్కునేది. నేను వెళ్లి పాలు తెచ్చేలోపు ఆరుసార్లు కప్పింది. ఇంటి నుంచి పని అనేది నాకు మొన్న వచ్చిన సంగతి. ఈ సందుల్లో ఆడవాళ్లు వాళ్ల నాయనమ్మల కాలం నుంచీ ఇంట్లోనే పని చేస్తున్నారు. వాళ్లకు గది కేటాయించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఉన్న ఒక్క గదినీ నేను ఒక పాత పైపును అడ్డం పెట్టుకొని ఆక్రమించాను.

ఆ రోజు నల్లా వచ్చే రోజే. పాలగిన్నె పక్కన పెట్టి అందరినీ వాకిట్లోకి పిలిచాను. మా ఆయనను వాల్వు దగ్గర నిలబెట్టాను. మగ్గం అమ్మాయి చేయి పట్టుకొని మెట్లెక్కించాను. ఏడుపు మొదలైంది. “కట్టెయ్!” అని అరిచాను. ఆగింది. “తెరువు!” మొదలైంది. యజమానురాలు మెట్ల మీద నుంచే రెండుసార్లు తానే అరిచి చూసుకుంది. తర్వాత నిదానంగా నా వైపు తిరిగింది.

“నీకెప్పటి సంది ఎరుక?”

“రెండు నెలల సంది,” అన్నాను.

“అగో! ఇను ముచ్చట! దేవుడు అక్కరలేదు గని, దయ్యం మాత్రం కావాల్నా నీకు?”

నా జీవితంలో అంత గట్టి ఎదురువాదన ఏ వేదిక మీదా వినలేదు. మా ఆయన వాల్వు వదిలేసి నవ్వడం మొదలుపెట్టాడు. మగ్గం అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“నా కండ్లల్ల నీళ్లు కారుతుంటె చూసుకుంట ఊకున్నవా అక్కా?”

అంతవరకూ నన్ను మీరు అనేది.

“తప్పు నాదే చెల్లె. కిటికీ పక్క నువ్వు కూసో.”

మధ్యాహ్నానికల్లా మగ్గం పైకొచ్చింది. నా టేబుల్ చీకటి మూలకు పోయింది. నాలుగు రోజుల్లో మిరపకాయలొచ్చాయి, పిల్లలొచ్చారు, తలుపు వెనక దాగుడుమూతలొచ్చాయి. ఆ చప్పుడేంటని టీమ్ లీడర్ అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను, పైపుతో సహా. స్క్రీన్ మీద ఆరు ముఖాలూ పడి పడి నవ్వాయి. పరీక్షాకాలం ముగిసిన రోజు ఆ పిల్ల తీర్పు చెప్పింది. ఉద్యోగం ఖాయం. కానీ రికార్డింగులు ఉండే రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, ఆఫీసుకు రావాలి. మిగతా రోజులు చప్పుడుతోనే సర్దుకుంటారట.

మోకాళ్లు తిట్టుకున్నాయి. నేను నోరు మూసుకొని బస్సెక్కాను.

మొన్న శుక్రవారం పని త్వరగా అయిపోయి మూడింటికే ఇల్లు చేరాను. మెట్లెక్కి చూస్తే గదిలో ఒక మగ్గం కాదు, మూడున్నాయి. పక్క సందులోంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కిటికీ ముందు వరసగా కూర్చున్నారు. ముగ్గురూ తలెత్తకుండా కుడుతున్నారు. నా టేబుల్‌ను గోడకు నెట్టి దాని మీద జరీ చుట్టలు పేర్చారు.

“ఇదేంది చెల్లె, నా ఆఫీసు ఏమైంది?” అని లోపలికి అడుగు పెట్టబోయాను.

“మంగళారం, శుక్రారం ఇది మాది అక్కా,” అంది సూది మీంచి చూపు తిప్పకుండానే. “చెప్పులు బయట ఇడువు. బట్ట మీద దుమ్ము పడ్తది.”

చెప్పులు బయట విడిచాను.