తీతువు గుడ్ల దగ్గర

పక్షుల్ని చూద్దామని పాల్మాకుల దాటాక చెరువు దగ్గర బస్సు దిగాను. నాతోపాటు ఒకావిడ కూడా దిగింది. కూల్చిన ఇళ్ల మట్టిని చెరువులో పోయడానికి గట్టు మీద టిప్పర్ వెనక్కి వస్తోంది. చక్రాల దారిలో నేల మీద తీతువు గుడ్లు. తల్లి పిట్ట అరుస్తూ చుట్టూ తిరుగుతోంది. ఆపమని కేకేశాను. డ్రైవర్ వినిపించుకోలేదు. ఆమె నేరుగా వెళ్లి టిప్పర్ వెనక నిలబడింది.

"జరుగక్కా. గా అపశకునం పిట్ట కోసం పని ఆపాల్నా?"

"అపశకునం గా పిట్ట కాదు, నీ బండి. చెరువుల మట్టి పోసుడేంది? తోలు ఇగ, నా మీదికెల్లి తోలు."

నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. టిప్పర్ తిరిగి వెళ్లిపోయింది.

ఆమె పేరు అడగలేదు. కొన్నాళ్లకు స్కూటర్ మీద మళ్లీ వెళ్లేసరికి సగం చెరువు పూడ్చి ప్లాట్ల బోర్డు పెట్టారు. ఇప్పుడు ఏ చెరువు గట్టున టిప్పర్ కనిపించినా నా స్కూటర్ దాని వెనకే ఆపుతున్నాను.