తులుగాక్ మామయ్య కనుబొమ్మలు

తులుగాక్ మామయ్యకు నోరుంది. దాన్ని ఆయన తినడానికి, పైపు పట్టుకోవడానికి, చేతులు ఖాళీ లేనప్పుడు తూటా కరిచి పెట్టుకోవడానికి వాడతాడు. మాట్లాడటానికి మాత్రం ముఖంలో మిగిలిన భాగం చాలని ఆయన నమ్మకం.

ఈ ఉత్తరపు మంచునేల మీద మా వాళ్లందరం ఔననడానికి కనుబొమ్మలు ఎత్తుతాం, కాదనడానికి ముక్కు ముడుస్తాం. అది మాకు తల్లిపాలతో వచ్చిన విద్య. అవసరమైతే నోరు కూడా తెరుస్తాం. మామయ్య తెరవడు, ఎదుటివాళ్లు తెరిచినా ఊరుకోడు. "టీ పొయ్యనా మామయ్యా?" అని అడిగితే గుడారం గుడ్డకేసి చూస్తూ కూర్చుంటాడు. ఎదురుగా వెళ్లి నిలబడి, కెటిల్ పైకెత్తి, కనుబొమ్మలు ఎగరేస్తేనే ఆయనవి లేస్తాయి. అవి మామూలు కనుబొమ్మలు కావు. నుదుటి కింద రెండు తెల్ల కుందేళ్లు పక్కపక్కన పడుకున్నట్టుంటాయి. అవి లేచాయంటే గుడారం ఆ చివరనున్నవాడికి కూడా ఆయనకు టీ కావాలని తెలిసిపోతుంది.

బంగారం వెతికే కంపెనీ ఒకటి మా సరస్సు ఒడ్డున గుడారాలు వేశాక ఈ అలవాటు మరీ ముదిరింది. గని అనకండి, గని ఇంకా ఎవడి కలలోకీ రాలేదు. రెండు వేసవులపాటు కొండ మీద రాళ్లు పగలగొట్టారు, మట్టి సంచుల్లో నింపి విమానమెక్కించారు. మా నేల సంచులకొద్దీ దక్షిణానికి పోయేది. అందులో ఏముందో అందరికంటే ఆఖరున మాకు తెలిసేది. ఊరి సమావేశంలో లేచి నేనిదే అడిగితే, "స్థానికులకు ఉద్యోగాలిస్తాం" అన్నారు. ఇచ్చారు. నాకు వంట గుడారం, మామయ్యకు ఎలుగుబంట్ల కాపలా.

ఎలుగు కాపలాదారుకు రేడియో ఇవ్వడం కంపెనీ పద్ధతి. ఆ పద్ధతి పెట్టినవాడికి మామయ్య తెలియదు.

మొదటిరోజే కొండ కింద నుంచి కంపెనీ భూగర్భశాస్త్రవేత్త బెన్వా రేడియోలో అడిగాడు. "తులుగాక్, ఎలుగు ఏదైనా కనిపించిందా?"

మళ్లీ పిలిచాడు.

"తులుగాక్, వినిపిస్తోందా?"

గాలి శబ్దం.  బెన్వా, ముసలాయన్ని ఎలుగు తినేసిందనుకుని, సుత్తి ఒక్కటీ పట్టుకుని, రొప్పుతూ కొండ పైదాకా పరిగెత్తాడు. అక్కడ మామయ్య బండ మీద కూర్చుని పైపు కాలుస్తున్నాడు. బెన్వాను చూడగానే ముక్కు ముడిచాడు. ఎలుగు కనిపించలేదని.

"ఆ మాట రేడియోలో చెప్పొచ్చుగా?"

మామయ్య మళ్లీ ముక్కు ముడిచాడు, ఈసారి గట్టిగా. ఇందాక ఇదే చెప్పాను, నువ్వే చూడలేదన్నట్టు.

ఆ వేసవిలో బెన్వా ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కాడంటే, నడుం దగ్గర ప్యాంటు జారిపోయి బెల్టుకు కొత్త చిల్లు పెట్టించుకున్నాడు. చివరికి మామయ్య దారికి వచ్చాడు. అంటే, వచ్చినవాడు బెన్వా. మామయ్య కొండ మీద నారింజరంగు గుడ్డ ఎత్తితే ఎలుగు ఉన్నట్టు, ఎత్తకపోతే లేనట్టు. రేడియోను నేను ఉల్లిపాయల మీద బరువుగా పెట్టుకున్నాను.

బెన్వాతో ఆగిందా? హెలికాప్టర్ నడిపేవాడు, రెండో వేసవి చివర్లో డ్రిల్లు బిగించడానికి వచ్చినవాళ్లు, అందరూ నా గుడారానికే కదా తిండికి రావాలి. వచ్చినవాడికి ఎదురుగా, ఉప్పు డబ్బా ముందు పెట్టుకుని మామయ్య. ఉప్పు కావాలని నోటితో అడిగినవాడికి ఉప్పు దొరికేది కాదు. "ఏమిటీ ముసలాయన పెత్తనం?" అని పెద్ద డ్రిల్లరు వారం రోజులు చప్పిడి చేప తిన్నాడు. ఆ తర్వాత ఆయన కనుబొమ్మలు కూడా లేచాయి.

"మామయ్యా, పరాయివాళ్లని ఎందుకిలా రాచిరంపాన పెడతావు?" అని అడిగాను. సమాధానంగా కెటిల్ చూపించాడు.

మూడో వేసవి వచ్చింది. మొదటి రంధ్రం వేసే రోజులు. రాతిని పొడవాటి కడ్డీల్లా కోసి పైకి లాగుతారు. వాటిని కడిగి, వరస తప్పకుండా పెట్టెల్లో పేర్చాలి. ఆ పనికి మనిషి కావాలన్నారు. రెండోరోజే మామయ్య ఒకామెను తెచ్చాడు. మా అత్తయ్య చెల్లెలి కూతురు ఉలాయుక్, ఆమెది తీరం వెంట ఎక్కడో ఉత్తరాన ఉన్న ఊరు. నేనెప్పుడూ చూడలేదు.

బెన్వా ఆమెను నా కళ్ల ముందే పరీక్షించాడు. రాళ్ల పెట్టె చూపించి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆమె పెట్టె ఎత్తి, తెమ్మన్నచోటికి తెచ్చి, దించి, కనుబొమ్మలు ఎగరేసింది. ఉద్యోగం వచ్చేసింది. బెన్వా ఆ రోజంతా ఆమెను మెచ్చుకున్నాడు. "ఎంత చక్కగా మాట్లాడుతుందో."

కొన్నాళ్ల తర్వాత భోజనాల వేళ నా చేతిలోంచి పెద్ద ఇనప పెనం జారింది. గుడారమంతా ఉలిక్కిపడింది. హెలికాప్టర్ నడిపేవాడి సూప్ ఒళ్లో పడింది. ఉలాయుక్ మాత్రం నాకు వీపు పెట్టి కూర్చుని, తీరిగ్గా రొట్టెకు వెన్న రాసుకుంటోంది.

నేను మామయ్య వైపు చూశాను. ఆయన అప్పటికే నన్ను చూస్తున్నాడు. ముక్కు ఎంత గట్టిగా ముడిచాడంటే రెండు కుందేళ్లూ కలిసిపోయాయి. చెప్పకు, అని.

చెప్పలేదు. సాయంత్రం గిన్నెలు తోముతూ ఉలాయుక్ చేతులతోనే నాకు కథంతా చెప్పింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయట. దుకాణంలో అడిగింది, చేపల షెడ్డులో అడిగింది. స్థానికులకు ఉద్యోగాలు అని గోడల మీద రాసుకున్న ప్రతిచోటా ఆమెను చూసి పెదవి విరిచారు. ఇది మొదటి జీతం. తనకంటూ ఒక గది అద్దెకు తీసుకుని, మేనత్త ఇంట్లో పరుపు చుట్టేసి వెళ్లిపోవాలని ఆమె ఆశ.

సేఫ్టీ ఆఫీసరు కాల్డర్ విమానం దిగిన గంటలోనే ఆ ఆశ మీద బండ పడింది. ఉలాయుక్‌ను వెనక నుంచి పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు.

"ఈమెకు చెవులు వినపడవు" అన్నాడు బెన్వాతో.

"వినపడదా? నిన్న కూడా కబుర్లు చెప్పుకున్నామే."

"ఏం కబుర్లు?"

బెన్వా నోరు తెరిచి, మూసి, నెమ్మదిగా తన కనుబొమ్మలు తడుముకున్నాడు. అక్కడున్న ప్రతివాడి చెయ్యీ తన నుదుటి మీదికి పోయింది.

"అపాయం. హెచ్చరిక వినపడనివాళ్లు డ్రిల్లు దగ్గర ఉండకూడదు. రేపటి విమానంలో పంపించెయ్యండి" అన్నాడు కాల్డర్.

నాకు ఒళ్లు మండింది. "నేలడిగితే ఇచ్చాం. మనుషులనడిగితే ఇచ్చాం. ఇప్పుడు చెవులు కూడా మీ కొలతకే ఉండాలా బాబూ?"

"మీ మంచికేనమ్మా. రండి, అందరి ముందూ చూపిస్తాను" అని సంచిలోంచి హెచ్చరిక బూర తీశాడు.

మధ్యాహ్నం భోజనం మోసుకుని నేనూ వెళ్లాను. డ్రిల్లు రొద గురించి ఏం చెప్పను? పళ్లు కదులుతాయి. అందరి చెవులకూ మందపాటి కప్పులు. కాల్డర్ ఉలాయుక్ వెనక నిలబడి బుగ్గలు పగిలేలా బూర ఊదాడు. ఆమె తిరగలేదు. పెద్ద డ్రిల్లరూ తిరగలేదు. బెన్వా తిరగలేదు. కాల్డర్ పక్కనే ఉన్న నాకే, బుగ్గలు ఉబ్బడం కనిపించింది గానీ, శబ్దం అందలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త కడ్డీ పైకొచ్చింది. ఉలాయుక్ కడిగింది. బెన్వా భూతద్దం పెట్టుకుని తెల్లరాతి మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. లేచాక చూస్తే కనుబొమ్మలు టోపీలోకి వెళ్లిపోయి ఉన్నాయి.

పెద్ద డ్రిల్లరువి లేచాయి. ఆయన సహాయకుడివి లేచాయి. ఉలాయుక్‌వి, నావి. కొండ మీద నుంచి దుర్భిణీలో మమ్మల్ని చూసిన మామయ్య పైపు ఊడి పడిందని తర్వాత తెలిసింది. ఒక్క మాట లేకుండా కొండంతా బంగారం వార్త పాకిపోయింది. కారిబూ దుప్పులు పిల్లల్ని ఈనే చోటు ఇది, ఆ పోట్లాట నేను చలికాలం సమావేశంలో కంపెనీతో పడతాను, వదిలిపెట్టను. కానీ ఆ నిమిషంలో నా గుండె కూడా డ్రిల్లుకంటే గట్టిగా కొట్టుకుంది.

కాల్డర్ ఒక్కడే ఒకరి ముఖంలోంచి ఒకరి ముఖంలోకి చూస్తూ తిరుగుతున్నాడు. ఏమైంది, ఏమైంది అని అరుస్తున్నట్టు పెదవులు ఆడుతున్నాయి. ఎవరికి వినపడుతుంది? చివరికి ఉలాయుకే జాలిపడి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, భూతద్దం చేతిలో పెట్టి, ఆవగింజంత పసుపు మెరుపు చూపించింది. తర్వాత కొండ మీద నారింజ గుడ్డతో కూర్చున్న మామయ్య వైపు వేలు చూపించి, ఇక్కడ హెచ్చరికంటే కంటికి కనిపించేదేనన్నట్టు, కాల్డర్ బూర తీసి ఆయన జేబులోనే పెట్టింది.

మర్నాటి విమానంలో కాల్డర్ ఒక్కడే వెళ్లాడు. డ్రిల్లు దగ్గర పనిచేసేవాళ్లంతా ముఖంతో మాట్లాడటం నేర్చుకుని తీరాలని కొత్త నిబంధన రాసి, నేర్పే బాధ్యత ఉలాయుక్‌కు అప్పజెప్పి మరీ వెళ్లాడు.

ఆ రోజు గుడారంలో మేం ముగ్గురమే ఉండగా నేను మామయ్యను నిలదీశాను. ఎదురుగా వెళ్లి, పద్ధతి ప్రకారం ముఖంతోనే అడిగాను. ఈ పిల్ల కోసమేనా, ఇన్నాళ్లూ ఆ పరాయివాళ్లందరికీ ఉప్పు మాన్పించి మరీ పాఠాలు చెప్పావు?

ఆయన పైపు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"అదేం లేదే కోడలా. మాట్లాడితే పళ్లకి చలేస్తుంది, అంతే" అన్నాడు నోటితో.

పొయ్యి పక్కన కూర్చుని, చెమటలు కారుతూ అన్నాడు. అంటున్నంతసేపూ రెండు అరచేతులతో కనుబొమ్మలు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. వదిలితే అవి లేచిపోతాయని ఆయనకు తెలుసు. ఉలాయుక్ వెళ్లి ఆ చేతులు మెల్లగా తీసేసింది.